కొండవీధిలో బొమ్మల కొలువు

బొమ్మల కొలువు పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇప్పటికీ అక్కడక్కడా మిగిలే ఉంది. దసరాకో సంక్రాంతికో అటకమీంచి పెట్టె దించుతాం. పాతచీరల్లో చుట్టి దాచిన కొండపల్లి ఏనుగంబారీ, చెట్టియారు దంపతులూ, ఎవరో కాశీనుంచి తెచ్చిన పాలరాతి కృష్ణుడూ ఒక్కొక్కరే బయటికొస్తారు. మెట్లుకట్టి, తెల్లదుప్పటి పరిచి, సర్ది, పేరంటం చేసుకుని, పండగ కాగానే మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాం. ఏడాదికి మూడురోజులో తొమ్మిదిరోజులో, అంతే వాళ్ళ వైభవం.

నలభై ఏళ్ళకు పైగా ఎత్తకుండా ఉంచిన కొలువొకటి ఉండేది. అందులో బొమ్మలు చివరికి రెండువేలు దాటాయి. ఈజిప్టు దేవతలు, గ్రీకు వీరులు, రోమన్ గాజు సీసాలు, చైనా పండితులు, ఆఖరికి మన విష్ణుమూర్తి కూడా అందులో చేరాడు. పెట్టింది మాత్రం ఇంటి ఆడవాళ్ళు కాదు, ఇంటాయనే. ఆయన డాక్టరు. పేరంటానికి వచ్చేవాళ్ళందరూ ఏదో ఒక మనోవ్యథతో వచ్చేవాళ్ళే.

ఆయన పేరు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆ కొలువు ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక అద్దె ఇంట్లో ఉండేది.

ఫ్రాయిడ్ పేరు మన పాఠకులకు కొత్త కాదు. 1940ల్లో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వచ్చినప్పటినుంచీ మనోవైజ్ఞానిక నవల అన్న మాటతోపాటు ఆ పేరూ మన సాహిత్య చర్చల్లో తిరుగుతూనే ఉంది. ఆయన చెప్పినవాటిలో ఎంత నిలిచిందీ, ఎంత వీగిపోయిందీ అన్న వాదన పండితులు చేస్తూనే ఉన్నారు, చెయ్యనివ్వండి. కథలూ నవలలూ రాసుకునే నాకు మనుషుల సిద్ధాంతాలకంటే వాళ్ళు కాపురమున్న ఇళ్ళమీద ఆసక్తి ఎక్కువ. ఏ గదిలో ఎవరుండేవారు, భోజనాలెక్కడ, దుమ్ము ఎవరు దులిపేవారు, ఇలాంటివే నాకు కావాలి. అందుకని సిద్ధాంతం జోలికి పోకుండా ఇంటి సంగతి చెబుతాను.

ఆ వీధి పేరు బెర్గ్‌గాసె. బెర్గ్ అంటే కొండ, గాసె అంటే వీధి. మన మాటల్లో 'కొండవీధి' అనుకోవచ్చు. పేరుకు తగ్గట్టే అది ఏటవాలుగా దిగుతుంది. పైకొసన విశ్వవిద్యాలయం, పెద్దమనుషుల పేటలు. కిందికొసన ఒకప్పుడు పాతసామాన్ల అంగడి ఉండేది. ఆ రెంటికీ నడుమ 19వ నంబరు మేడ. 1891లో ఫ్రాయిడ్ దంపతులు అందులో చేరేటప్పటికి అది కొత్తగా కట్టిన ఇల్లే. ముఖభాగమంతా పాతకాలపు రాజభవనంలా శిల్పపు పని చేసి ఉంటుంది. లోపల మాత్రం అంతస్తుకు రెండేసి వాటాలు. ఆ రోజుల్లో వియన్నా మధ్యతరగతివాళ్ళు ఇలాంటి మేడల్లో వాటాలు అద్దెకు తీసుకునే కాపురాలు చేసేవారు. కింద వీధివైపు ఒక మాంసం కొట్టుండేది. తమాషా ఏమిటంటే ఆ కొట్టు యజమాని పేరు కూడా సీగ్మండే. గుమ్మానికి ఒకపక్క ఆయన బోర్డు, ఇంకోపక్క డాక్టరుగారి బోర్డు!

చేరినప్పుడు ఫ్రాయిడ్‌కు 35 ఏళ్ళు. భార్య మార్తా. అప్పటికి ముగ్గురు పిల్లలు, 1895కల్లా ఆరుగురయ్యారు. ఆ మరుసటేడు మార్తా చెల్లెలు మిన్నా కూడా వచ్చేసింది. పెళ్ళి నిశ్చయమైన అబ్బాయి క్షయతో పోతే ఆవిడ మళ్ళీ పెళ్ళి మాట తలపెట్టలేదు. అక్కగారింట్లోనే ఉండిపోయింది, జీవితాంతం. ఇంకో చుట్టరికం కూడా చెప్పాలి. ఫ్రాయిడ్ పెద్ద చెల్లెల్ని మార్తా అన్నగారు చేసుకున్నాడు. మనవాళ్ళు కుండమార్పు సంబంధం అంటారే, అలాంటిదన్నమాట. ఆ చెల్లెలు భర్తతో అమెరికా వెళ్ళిపోయింది. ఫ్రాయిడ్ మిగతా నలుగురు చెల్లెళ్ళూ రోజా, మారీ, అడొల్ఫీన్, పౌలీన్. ఈ నాలుగు పేర్లూ కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి.

మొదట్లో డాక్టరుగారు రోగుల్ని చూడడానికి అదే మేడలో కింది అంతస్తు గదులు వాడుకున్నాడు. పైన ఆయన వాటాకు ఎదురు వాటాలో చెల్లెలు రోజా కాపురముండేది. ఆవిడ భర్త లాయరు. నడవకు ఒకవైపు అన్నగారి సంసారం, ఇంకోవైపు చెల్లెలి సంసారం. రెండిళ్ళ పిల్లలూ అటూ ఇటూ తిరుగుతూ ఆ నడవ ఎంత సందడిగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1908లో రోజా భర్త పోయాడు. ఆ ఏడే ఆవిడ ఆ వాటా ఖాళీచేసింది. ఫ్రాయిడ్ దాన్నీ తీసుకుని తన వైద్యశాలనూ, చదువుగదినీ, బొమ్మలన్నిటినీ అక్కడికి మార్చాడు. ప్రపంచంలో ఇవాళ పుస్తకం తెరిచిన ప్రతివాడికీ ఫొటోల్లో కనిపించే ఆ ప్రఖ్యాతమైన గదులు ఆడపడుచు రోజా కాపురం చేసి ఖాళీచేసిన గదులే.

బొమ్మల పిచ్చి మాత్రం అంతకుముందే మొదలైంది. 1896 అక్టోబరులో ఆయన తండ్రి పోయాడు. ఉన్ని వ్యాపారం చేసి పెద్దగా కలిసిరాని మనిషాయన. తండ్రి పోవడం కొడుకుని అడుగంటా కదిలించింది. ఆ డిసెంబరులోనే ఫ్లోరెన్సు శిల్పాలకు పోతపోసిన నకళ్ళు కొన్ని తెచ్చి గదిలో పెట్టుకున్నాడు, వాటిని చూస్తే ప్రాణం లేచొస్తోందని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. నకళ్ళతో మొదలైనవాడు తర్వాత అసలు పాతవస్తువుల్లోకి దిగాడు. అప్పటికి ఆయనకు డబ్బు మరీ ఉన్నదేం కాదు. కలలమీద రాసిన పెద్ద పుస్తకం 1899 చివర్లో వస్తే, అచ్చువేసిన 600 ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది! అయినా అంగళ్ళకు వెళ్ళడం మానలేదు. తన వ్యసనాల్లో చుట్ట మొదటిదైతే ఈ బొమ్మలు రెండోదని ఆయనే ఒప్పుకున్నాడు. చుట్టలు రోజుకు ఇరవైదాకా కాల్చేవాడు కాబట్టి రెండో స్థానమంటే తక్కువేం కాదు.

కొత్తబొమ్మ కొనుక్కొచ్చిన రోజున దాన్ని భోజనాల బల్ల దగ్గరికి తెచ్చుకునేవాడట. ఆ ఇంట్లో మధ్యాహ్న భోజనం సరిగ్గా ఒంటిగంటకు. గడియారం కొట్టడంతోటే పనిమనిషి పులుసుగిన్నెతో ఒక తలుపులోంచీ, ఆయన ఇంకో తలుపులోంచీ వచ్చేవారు. చుట్టూ భార్యా, మరదలూ, ఆరుగురు పిల్లలూ. ఆయన మాత్రం పెద్దగా మాట్లాడకుండా ఎదురుగా నిలబెట్టుకున్న బొమ్మని చూసుకుంటూ తినేవాడు. ఏ ఇల్లాలైనా ఒకసారి మార్తా స్థానంలో కూచుని ఆలోచించాలి. రెండువేల ఏళ్ళనాటి అతిథికి వడ్డించక్కర్లేదు, నిజమే. కాని అతిథి ఉన్నంతసేపూ ఇంటాయన మనవాడు కాడు.

ఒకసారి పెద్దమ్మాయి మథిల్దేకు ప్రాణంమీదికి వచ్చింది. పిల్ల గండం గడిచిందని తెలిసిన రోజుల్లో ఒక పొద్దున ఆయన గదిలో నడుస్తూ, ఉన్నట్టుండి కాలికున్న చెప్పుని గోడవైపు విసిరికొట్టాడు. అది వెళ్ళి అందమైన పాలరాతి వీనస్ బొమ్మకు తగిలింది. బొమ్మ కిందపడి ముక్కలైంది. ఆయన విచారించలేదు సరికదా, తర్వాత తన పుస్తకంలో ఈ సంగతి తనే రాసి, అది పిల్ల బతికినందుకు తన మనసు తనకు తెలియకుండా చెల్లించిన మొక్కు అని తేల్చాడు. దేవుణ్ణి నమ్మనన్నవాడే ఈయన. మన ముసలమ్మలు వింటే "దిష్టి తీసిపోశాడు నాయనా" అనేవారు. చెప్పడంలో తేడాయేగాని పెద్దగా వేరే అర్థం కాదు.

ఆ గదుల్లోకి అడుగుపెట్టిన రోగికి ఏం కనిపించేదో చూద్దాం. కిటికీ తెరలు, ముదురురంగు తివాచీలు, గోడంతా పుస్తకాలు, అద్దాల బీరువాల నిండా బొమ్మలు. ఇరాన్‌లో ఖష్కాయీ సంచార తెగలవాళ్ళు నేసిన తివాచీ కప్పిన శయ్య. ఆ శయ్య ఒక రోగి ఇచ్చిన బహుమానం. దానిమీద పడుకుంటే పైన గోడమీద ఈజిప్టులోని అబూ సింబెల్ ఆలయం బొమ్మ. కాళ్ళవైపు, చీర కుచ్చెళ్ళలా వస్త్రాన్ని ఎత్తిపట్టుకుని నడుస్తున్న గ్రీకు యువతి శిల్పానికి నకలు. పక్కగదిలో రాతబల్ల. దానిమీద కాగితానికి చోటు మిగలకుండా వరసలు వరసలుగా బొమ్మలు, సభలో కూచున్నవాళ్ళలా అన్నీ ఆయనవైపే తిరిగి. నడుమ జానెడైనా లేని కంచు ఎథీనా, గ్రీకుల జ్ఞానదేవత. చేతిలో ఉండాల్సిన ఈటె ఎప్పుడో పోయింది. ఒకపక్క కొండముచ్చు రూపంలో ఈజిప్టు విద్యల దేవుడు థోత్. దాని పాలరాతి తలని ఆయన పెంపుడుజంతువుని నిమిరినట్టు నిమిరేవాడని పనిమనిషి పౌలా తర్వాత చెప్పింది.

ఎందుకీ బొమ్మలన్నీ? రోగులు కూడా అడిగేవారు. ఒక రోగికి ఆయన ఆ బొమ్మల్నే చూపించి జవాబు చెప్పాడు. ఇవన్నీ సమాధుల్లో దొరికినవి. పూడిపోయి ఉండడంవల్లే ఇన్నాళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాంపే నగరానికి అసలు నాశనం తవ్వి బయటపెట్టాకే మొదలైంది. మనసూ అంతే, అడుగున పడ్డది అలాగే ఉంటుంది, వెలుతురులోకి తెచ్చినదే అరుగుతుంది. ఆయన వైద్యమంతా ఈ ఒక్క పోలికమీద నడిచిందంటే పెద్ద అతిశయోక్తి కాదు. కాబట్టి ఆ బొమ్మలు ఊరికే అలంకారానికి కావు, ఆయన పనిముట్లు కూడా.

మరి నడవకు ఇవతలివైపు, కాపురమున్న వాటా? అక్కడికి ఈ సంపద రాలేదు. దేవతలందరూ ఎదురు వాటాలోనే ఆగిపోయారు. ఇవతల మార్తా రాజ్యం. వేళకు భోజనం, ఉతికి మడతపెట్టిన బట్టలు, వేసవికి కొండప్రాంతాల ప్రయాణం, ఆరుగురు పిల్లల జలుబులూ దగ్గులూ. 1902 నుంచీ బుధవారం రాత్రిళ్ళు డాక్టరుగారి శిష్యులు వచ్చి చుట్టలు కాలుస్తూ చర్చలు చేస్తుంటే, కాఫీలూ కేకులూ కూడా ఈ ఇంట్లోంచే వెళ్ళాలిగా.

మార్తా సంగతి ఇంకొకటుంది. ఆవిడ హాంబర్గులో పేరున్న యూదు ఆచార్యుల వంశంలో పుట్టింది. తాతగారు ఆ నగరానికే ప్రధాన రబ్బీ. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించుకోవడం వాళ్ళ ఇళ్ళల్లో ఇల్లాలి హక్కు, మనకు సంధ్యదీపంలాంటిది. పెళ్ళయ్యాక భర్త దాన్ని మానిపించాడు. మొదటి శుక్రవారం దీపం పెట్టనివ్వనప్పుడు కలిగినంత బాధ తనకెప్పుడూ కలగలేదని ఆవిడ తర్వాత చుట్టాలతో చెప్పుకుందట. ఎదురు వాటాలో మాత్రం ఊరూరి దేవుళ్ళు కొలువై ఉన్నారు. కళ అనేసరికి దేవుళ్ళకు అభ్యంతరం లేకపోయింది, భక్తి అనేసరికే వచ్చింది చిక్కు. 1939లో భర్త పోయాక మార్తా మళ్ళీ శుక్రవారం దీపాలు వెలిగించుకుందని చెబుతారు. 53 ఏళ్ళ తర్వాత!

ఇక మన విష్ణుమూర్తి సంగతి. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. ఫ్రాయిడ్‌ని ఆయన ఎన్నడూ చూడలేదు. పుస్తకాలు చదివి, ఉత్తరాలు రాసి, కొన్నిచోట్ల మీరన్నది మా దేశంలో ఇలా కుదరదని ధైర్యంగా వాదించినవాడు. ఫ్రాయిడ్ ఎలా ఉంటాడో ఊహించి ఒక చిత్రకారుడి చేత బొమ్మ వేయించి పంపించాడు. దాన్ని చూసి ఫ్రాయిడ్, నన్ను అచ్చం ఇంగ్లీషువాణ్ణి చేసిపెట్టారని స్నేహితురాలికి నవ్వుతూ రాశాడు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు ఆ సంఘంవాళ్ళు తిరువాన్కూరు పనివాళ్ళు చెక్కిన దంతపు విష్ణువుని పంపారు. ఆయన సంతోషించి రాతబల్లమీద గౌరవస్థానం ఇచ్చాడు. కొన్నాళ్ళకు బొమ్మ బీటలిచ్చింది. కలకత్తాకి అలవాటుపడ్డ దేవుడికి వియన్నా వాతావరణం పడలేదేమో అని ఆయన చమత్కరించాడట. దేవుడి సంగతేమోగాని, ఆ ఊరి వాతావరణం నిజంగానే చెడిపోతోంది.

1938 మార్చి 12న హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. మూడోరోజునే కొండవీధి ఇంటికి నాజీ దళంవాళ్ళు తుపాకులతో వచ్చారు. ఇక్కడ మార్తాని చూడాలి. వాళ్ళని దొంగల్లా కాక చుట్టాల్లా లోపలికి రమ్మని, తుపాకులు గొడుగుల స్టాండులో పెట్టమని, ఇంటి ఖర్చులకుంచిన డబ్బు తెచ్చి బల్లమీద పెట్టి "తీసుకోండి" అన్నదట. కూతురు ఆనా ఇనప్పెట్టె తెరిచిచ్చింది. మొత్తం 6,000 షిల్లింగులు పట్టుకుపోయారు. ఒక్కసారి వచ్చి చూసినందుకు నేనెప్పుడూ అంత ఫీజు పుచ్చుకోలేదే అన్నాడు ఫ్రాయిడ్. 22వ తేదీన గెస్టపోవాళ్ళు ఆనాని తీసుకుపోయారు. సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ ముసలాయన గదిలో పచార్లు చేస్తూ చుట్ట వెంట చుట్ట కాల్చాడు. ఈ దేశం వదిలి రానని అంతవరకూ పట్టుపట్టిన మనిషి, ఆరోజుతో సరేనన్నాడు.

వెళ్ళడమంటే మాటలా? అప్పటికి ఆయనకు 82వ ఏడు వస్తోంది. దవడ క్యాన్సరుకు 15 ఏళ్ళుగా ఆపరేషన్లమీద ఆపరేషన్లు. దేశం విడిచేవాళ్ళు ఆస్తిలో నాలుగోవంతు పన్ను కట్టాలి. ఆ పన్నే 31,000 మార్కులు దాటింది. గ్రీసు రాకుమారుడి భార్యా, ఆయన శిష్యురాలూ అయిన మరీ బోనపార్ట్ వియన్నాకు వచ్చి అండగా నిలబడింది. ఆ పన్ను కట్టడానికీ ఆవిడే సాయం చేసింది. ప్రభుత్వ మ్యూజియం అధికారి వచ్చి బొమ్మల్ని చూసి 30,000 మార్కులని విలువ కట్టాడు. తక్కువే కట్టాడు, అదీ మేలే అయింది. కొలువంతా ఎగుమతి చేసుకోవచ్చని అనుమతి వచ్చింది. అది రాదేమోనన్న భయంతో మరీ బోనపార్ట్ అంతకుముందే ఆ చిన్న ఎథీనాని రహస్యంగా దేశం దాటించేసింది. అన్నీ పోయినా ఇదొక్కటైనా దక్కాలని.

ఆ మే నెలలోనే ఎడ్మండ్ ఎంగెల్‌మన్ అనే యువకుడు కెమెరా పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. బయట గెస్టపో కాపలా. ఫ్లాష్ వేస్తే అనుమానం వస్తుందని ఉన్న వెలుతురులోనే నూటికి పైగా ఫొటోలు తీశాడు. వీధిగుమ్మం మీద స్వస్తికపు గుర్తు, కింద మాంసం కొట్టు, మెట్లు, శయ్య, రాతబల్ల, కిటికీకి వేలాడదీసిన చిన్న అద్దం, బీరువాల్లో నిలబడ్డ దేవతలు. అతనూ యూదుడే. పారిపోతూ నెగటివులు అక్కడే వదిలేశాడు. యుద్ధం తర్వాత ఆనా దగ్గర వాటిని తిరిగి పొందాడు. 1976లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆ ఇంటి గురించి నేను చెబుతున్న దాంట్లో సగం ఆ ఫొటోల్లో చూసిందే. ఎంతసేపు చూసినా ఒక్క చెదిరిన వస్తువు కనబడదు. నెలలోగా వదిలిపోయే ఇల్లులా ఉండదు.

జూన్ 4న ఫ్రాయిడ్, మార్తా, ఆనా, పౌలా, ఒక లేడీ డాక్టరు, పెంపుడు కుక్క రైలెక్కారు. మిన్నా, మిగతా పిల్లలు అంతకుముందే వెళ్ళిపోయారు. పారిస్‌లో దిగగానే మరీ బోనపార్ట్ ఎథీనాని ఆయన చేతిలో పెట్టింది. ఆగస్టులో మిగతా సామానంతా లండన్ చేరింది. మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్‌లో కొన్న ఇంట్లో, వాస్తుశిల్పి అయిన కొడుకు ఎర్న్‌స్ట్, పౌలా కలిసి వియన్నా గదిని మళ్ళీ నిలబెట్టారు. రాతబల్లమీద ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉండేదో పౌలాకు కంఠతా వచ్చు. తొమ్మిదేళ్ళు దులిపిన చెయ్యి కదా! పండితులెవరికీ ఆ వరస తెలియదు, పనమ్మాయికే తెలుసు. ఆయన 1939 సెప్టెంబరు 23న ఆ బొమ్మల మధ్యనే కన్నుమూశాడు. మరీ బోనపార్ట్ ఒకప్పుడు కానుకగా ఇచ్చిన పాత గ్రీకు కలశంలో ఆయన అస్థికలు ఉంచారు. 1982లో ఆనా పోయేదాకా ఆ గది అలాగే ఉంచింది. 1986 నుంచి అది మ్యూజియం.

జ్ఞాపకం పెట్టుకోమన్న నాలుగు పేర్ల దగ్గరికి వస్తాను.

రోజా, మారీ, అడొల్ఫీన్, పౌలీన్. 1938లో అందరూ 70 దాటినవాళ్ళే. ముగ్గురు భర్తలు పోయినవాళ్ళు. అడొల్ఫీన్ పెళ్ళే చేసుకోకుండా 95 ఏళ్ళు బతికిన తల్లికి సేవచేస్తూ ఉండిపోయింది. రోజాకు కొడుకు 1917లో యుద్ధంలో పోయాడు, కూతురు 1922లో ఆత్మహత్య చేసుకుంది. అన్నగారు ప్రయాణానికి సిద్ధంచేసిన జాబితాలో భార్య, మరదలు, పిల్లలు, వాళ్ళ కుటుంబాలు, వైద్యుడి కుటుంబం, పనిమనిషి ఉన్నారు. ఈ నలుగురూ లేరు.

దీనిమీద ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు, వెనకేసుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. నేను న్యాయమూర్తిని కాను. తెలిసిన సంగతులు చెబుతాను. ఆయనా, తమ్ముడు అలెగ్జాండరూ కలిసి ఆ నలుగురికీ 1,60,000 షిల్లింగులు ఉంచి వెళ్ళారు. వృద్ధ స్త్రీలను ఎవరేం చేస్తారులే అని అప్పటికి చాలామంది అనుకున్నారు. ఆ ఏడాది చివర్లో వాళ్ళను ఫ్రాన్సుకు రప్పించడానికి మరీ బోనపార్ట్ ప్రయత్నించింది, అనుమతి దొరకలేదు. డబ్బుని నాజీలు ఎలాగూ ఉంచలేదు. 1942లో నలుగురినీ టెరెజిన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అడొల్ఫీన్ అక్కడే పోయింది. మిగతా ముగ్గుర్నీ అక్కణ్ణుంచి తూర్పువైపు నిర్మూలన శిబిరాలకు పంపి చంపేశారు. అన్నగారికి ఇదేమీ తెలియదు, అప్పటికే ఆయన పోయి మూడేళ్ళు. ఈ వివరాలు యుద్ధం ముగిశాకే కుటుంబానికి అందాయి.

బొమ్మలకు విలువ కట్టే అధికారి ఒకడు దొరికాడు. ఆయన కాగితంమీద 30,000 అని రాశాడు, ముద్ర పడింది, పెట్టెలు సరిహద్దు దాటాయి. ముసలివాళ్ళైన నలుగురు ఆడవాళ్ళకు ఏ కాగితంమీదా ఏ అంకే పడలేదు. నేను పదేపదే ఆగిపోయేది ఇక్కడే. దీనికి ఒక్క మనిషిని తప్పుపట్టి ఊరుకుంటే తేలికగా ఉంటుంది, కాని అనుమతులిచ్చే బల్లలు ఎన్ని దేశాల్లో ఉన్నాయి, ఎన్నిటిమీద ఆ నాలుగు పేర్లూ నిలవలేకపోయాయి?

కొండవీధి ఇంటికి తర్వాత ఇంకా ఘోరమైన రోజులొచ్చాయి. తమ ఇళ్ళనుంచి గెంటేసిన యూదు కుటుంబాల్ని తెచ్చి ఆ మేడలో గదికి ఇంతమందని కుక్కారు. వాళ్ళలో చాలామందిని అక్కణ్ణుంచే శిబిరాలకు పంపారు. యుద్ధం తర్వాత మామూలు అద్దె ఇల్లయింది. 1971లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఆనా లండన్ నుంచి వచ్చింది. 33 ఏళ్ళ తర్వాత ఆ మెట్లెక్కడం అదే మొదలు. వైద్యశాలలో రోగులు వేచి కూచునే గది సామాను ఆవిడే తిరిగి ఇచ్చింది. అంతవరకే. శయ్య లండన్‌లోనే ఉంది, ఎథీనా, థోత్, మన విష్ణువు కూడా.

2020లో ఆ ఇంటిని బాగుచేసి మళ్ళీ తెరిచినప్పుడు ఒక మంచి పని చేశారు. నకలు శయ్య చేయించి పెట్టలేదు, ఉత్తుత్తి బొమ్మలు నింపలేదు. ఖాళీని ఖాళీగానే ఉంచారు. ప్రపంచం నలుమూలలనుంచీ వచ్చే యాత్రికులు వేచి కూచునే గదిలోకి వస్తారు. అక్కడ ఎర్రటి పాత సోఫా, కుర్చీలు ఉన్నాయి. తలుపు దాటి లోపలిగదిలోకి వెళ్ళాక మాత్రం శయ్య ఏదీ అని చుట్టూ వెతుక్కుంటారు. గోడలూ, కిటికీలూ తప్ప ఏమీ ఉండదు.

ఆ గదిలో ఏముండేదో ఎంగెల్‌మన్ ఫొటోలు చెబుతాయి. ఫొటోలకు ముప్పై ఏళ్ళముందు, ఒక్క బొమ్మ కూడా అక్కడికి రాకముందు, అది రోజా ఇల్లు.